స్టీమ్ క్లీనర్‌తో ఇల్లు: ఆవిరి పని ఎంత, గుడ్డ పని ఎంత

శనివారం ఉదయం, మొదలు పెట్టకముందు

ఇంట్లో గట్టి ఉపరితలాలు, కుర్చీల బట్ట, పరుపులు, కర్టెన్లు అన్నింటినీ ఒకసారి ఆవిరితో శుభ్రం చేయాలని పెట్టుకున్న పని ఇది. ఘాటు వాసన మందులేవీ వాడకుండా, ఉత్త వేడితోనే ఎంతవరకు నెట్టుకు రాగలమో చూడాలి. మెషిన్ చేత్తో మోయగలిగే చిన్న డబ్బా రకం. 1500 వాట్లు, లీటరు ట్యాంకు, 3 బార్ ప్రెషర్ అని పక్కన రాసి ఉంది.

ఈ మూడు అంకెలు పట్టుకుంటే మెషిన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో సగం తెలిసిపోతుంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి, బయటి గాలి కంటే 3 బార్ ఎక్కువ ప్రెషర్‌లో ఉంచితే 143 డిగ్రీలు దాటితే గాని మరగవు. ట్యాంకు లోపల ఉన్నది ఆ వేడి. అయితే నాజిల్ దాటగానే ప్రెషర్ పోతుంది, ఆవిరి విచ్చుకుంటుంది, చుట్టూ ఉన్న గాలిని కలుపుకుని చల్లబడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు నాజిల్ మొదట్లో ఏమీ కనిపించని చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, అసలు ఆవిరి అక్కడే ఉంది. ఆ తర్వాత కనిపించే తెల్లటి పొగంతా అప్పటికే చల్లారి సన్నటి తుంపరైన నీరు. జానెడు దూరం నుంచి ఊదితే చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ గోడకు చేరేది గోరువెచ్చని తడి. జిడ్డు పట్టిన చోట రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాల్సిందే.

ఇక వాట్ల సంగతి. 25 డిగ్రీల నీటిని ఒక గ్రాము ఆవిరి చేయడానికి సుమారు 2570 జూళ్ల వేడి కావాలి. 1500 వాట్ల హీటర్ సెకనుకు ఇచ్చేది 1500 జూళ్లే. లెక్క కడితే నిమిషానికి 35 గ్రాములు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, ఆగకుండా నొక్కి పట్టుకుంటే ఈ హీటర్ ఇంతకు మించి ఇవ్వలేదు. మొదటి కొద్ది సెకన్లు జోరుగా రావడం ట్యాంకులో దాచుకున్న వేడి వల్ల, అది అయిపోగానే మళ్లీ ఈ లెక్కకే దిగుతుంది. 35 గ్రాములంటే రెండు పెద్ద చెంచాల నీళ్లు, కాస్త పైన. ఒక్కో గ్రాము 1.7 లీటర్ల ఆవిరిగా ఉబ్బుతుంది కాబట్టి గదంతా నిండినట్టు కనిపిస్తుంది తప్ప వాడేది చాలా తక్కువ నీరు. లీటరు ట్యాంకు దాదాపు అరగంట వస్తుంది. వేడెక్కడానికే ఆరేడు నిమిషాలు పడుతుంది, ఈలోపు దులపడం, వాక్యూమ్ కొట్టడం కానిచ్చేయొచ్చు.

ఇంత కొంచెం నీటికి అంత బలం ఎక్కడిదంటే, ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు వదిలే వేడి. ఒక గ్రాము ఆవిరి చల్లటి టైల్ తగిలి నీరయితే 2257 జూళ్లు అక్కడ దిగబోస్తుంది. అదే గ్రాము మరిగే నీళ్లు పోస్తే, అవి 40 డిగ్రీలకు చల్లారేసరికి ఇచ్చేది 250 జూళ్లే. మరుగు నీళ్లకు కదలని జిడ్డు ఆవిరికి కదిలేది దీనివల్లే. చేతికి తగిలితే అంత దారుణంగా కాలడం కూడా దీనివల్లే. పొరపాటున కాలితే వెంటనే చల్లటి కుళాయి నీటి కింద 20 నిమిషాలు పెట్టాలి, ఐస్ గాని పేస్టు గాని వద్దు. పిల్లలు, పెంపుడు జంతువులు పక్క గదిలో ఉంటేనే ట్రిగ్గర్ ముట్టుకుంటున్నాను.

ప్లగ్గు విషయం కూడా ఇక్కడే రాసుకుంటున్నా. ఇంత లోడు ఫోన్ ఛార్జర్ల కోసం కొన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మోయలేదు. పెద్ద లోడు కోసం పెట్టిన గోడ సాకెట్‌లోనే పెట్టాలి, వైరు చాలకపోతే లావు వైరున్నది తెచ్చుకోవాలి.

శనివారం, వంటగది

ట్రిగ్గర్ మొదటిసారి నొక్కినప్పుడు పైపులో చల్లారిన నీరు చిమ్ముతుంది. ఆ మొదటి చిమ్ముడు పాత తువాలు మీదకు పంపి, ఆవిరి పొడిగా రావడం మొదలయ్యాక పని మీదకు తిప్పాను. మధ్యలో రెండు నిమిషాలు ఆపినా మళ్లీ ఇదే చేయాలి.

స్టవ్ వెనక టైల్స్ మీద రెండు రకాల జిడ్డుంది. మొన్నటిది, ఏళ్లనాటిది. మొన్నటి జిడ్డు వేడి తగలగానే కరిగి జారుతుంది. ఏళ్లనాటిది అలా కాదు. నూనె పలుచటి పొరగా గాలి తగులుతూ, వేడి తగులుతూ ఉండిపోతే దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి వార్నిష్‌లా గట్టిపడతాయి. దాన్ని కరిగించడం ఆవిరి వల్ల కాదు, మెత్తబరచడం వరకే. మెత్తబడ్డ ఆ కాసేపట్లో నైలాన్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో లాగేయాలి. ఆలస్యమైతే చల్లారి మళ్లీ అతుక్కుంటుంది, అదీ ముందున్న చోట కాకుండా కాస్త కిందకి జారి.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆవిరి మురికిని మాయం చేయదు, వదులు చేస్తుంది. తీసేది గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక ముఖం మురికయ్యాక తిప్పి, అన్ని ముఖాలూ అయ్యాక మార్చేయాలి. ఒకే గుడ్డతో గోడంతా తుడిస్తే మురికిని గోడంతా సమానంగా పంచినట్టే. కుడి చేతిలో నాజిల్, ఎడమ చేతిలో గుడ్డ, ఒక టైలు అయ్యాక ఇంకొకటి. నాకు నాజిల్ చేతి కంటే గుడ్డ చేయే ఎక్కువ నొప్పి పుట్టింది.

అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "ఇంత హడావిడి చేసి చివరికి తడిగుడ్డతో తుడవడమేనా?" అంది. అవును, అంతే. కాకపోతే సబ్బు కడగక్కర్లేదు, గోకక్కర్లేదు. "అయితే ఆ గుడ్డలన్నీ ఎవరు ఉతుకుతారు?" అన్న రెండో ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండా ట్రిగ్గర్ నొక్కాను. ఆ గుడ్డలను వేడి నీళ్లలో విడిగా ఉతకాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే దాని పోగుల మీద జిడ్డు పొర పేరుకుని నీళ్లు పీల్చడం మానేస్తాయి.

చిమ్నీ ఫిల్టర్‌కు ఆవిరి ఒక్కటే చాలదని సింకులో పెట్టి కొట్టగానే తేలిపోయింది. పైపైన జిడ్డు కారుతుంది, లోపలి మడతల్లోది గాలి తోపుకు ఇంకా లోపలికి పోతుంది. స్టీలు ఫిల్టర్ కాబట్టి వాషింగ్ సోడా కలిపిన వేడి నీళ్లలో నానబెట్టి, మిగిలినది ఆవిరితో చూసుకున్నాను. అల్యూమినియం జాలీ అయితే సోడా వేయకూడదు, నల్లబడిపోతుంది. దానికి వేడి నీళ్లు, గిన్నెల సబ్బే మేలు.

ఇక్కడ వదిలేసినవి: స్విచ్‌బోర్డు చుట్టూ ఉన్న టైల్స్, బర్నర్ పక్కనుండే స్పార్క్ కొన, మైక్రోవేవ్ వెనక గ్రిల్లు. కరెంటు ఉన్న దేనిలోకీ ఆవిరి పోకూడదు, పొడి గుడ్డతో సరిపెట్టాను. కప్‌బోర్డు తలుపుల అంచులు కూడా వదిలేశాను. ఆ అంచు పట్టీలను వేడి జిగురుతోనే అతికిస్తారు, వేడికే ఊడిపోతాయి. లోపలున్నది నొక్కి చేసిన చెక్కపొట్టు, తడి తగిలితే ఉబ్బుతుంది, మళ్లీ తగ్గదు.

శనివారం మధ్యాహ్నం, బాత్రూమ్

ఆవిరి తన ఖర్చు తాను రాబట్టుకునే చోటు ఏదైనా ఉందంటే టైల్స్ సందులే. ఆ సందుల్లో నింపే సిమెంటు గ్రౌట్ నిండా కంటికి కనిపించని రంధ్రాలు. మాప్ నీళ్లు పై నుంచి జారిపోతాయి, మురికి మాత్రం లోపల కూర్చుంటుంది. చిన్న గుండ్రటి నైలాన్ బ్రష్ తగిలించి, సందు వెంట వేలు నడిచినంత నెమ్మదిగా జరిపితే బూడిద రంగు బురద పైకి తేలుతుంది. దాన్ని అక్కడే తుడవాలి. నీళ్లు పోసి కడిగేద్దాం అనుకుంటే ఆ బురద పక్క సందులోకి చేరుతుంది. పెట్టెలో ఇత్తడి బ్రష్ కూడా ఇచ్చారు గానీ అది గ్రౌట్‌ను గీస్తుంది, టైల్ మెరుపు మీద గీతలు పెడుతుంది. దాన్ని పక్కన పెట్టేశాను. ఒక మూలలో గ్రౌట్ ఇప్పటికే పగిలి పొడి రాలుతోంది. అక్కడ ఆవిరి కొడితే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది, ముందు గ్రౌట్ నింపించాలి.

వాష్‌బేసిన్ అంచున ఉన్న సిలికాన్ పట్టీ మీద నల్ల బూజు. వేడికి బూజు చస్తుంది, పైన ఉన్నది తుడిస్తే వస్తుంది. సిలికాన్ లోపలికి దిగిన నల్ల రంగు మాత్రం పోలేదు, పోదు కూడా. దానికి మందు ఆ పట్టీని కోసి కొత్తది వేయడమే.

కుళాయిల మీద, షవర్ అద్దం మీద తెల్లటి ఉప్పునీటి మరకల దగ్గర ఆవిరి పూర్తిగా చేతులెత్తేసింది. ఎత్తేయడం న్యాయమే. అది కాల్షియం కార్బొనేట్, వేడికి కరగదు. పైగా వేడి వల్లే అది నీటిలోంచి విడిపోయి గారలా పేరుకుంటుంది. దానికి ఆమ్లం కావాలి. వెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి పదిహేను నిమిషాలు వదిలితే మెత్తబడింది. పాలరాయి గట్టు మీద మాత్రం ఆ చుక్క పడకూడదు, పాలరాయి కూడా అదే కాల్షియం కార్బొనేట్ కాబట్టి మెరుపు పోతుంది. పాలరాయికి ఆవిరి కూడా వద్దనుకున్నాను. రంధ్రాలున్న రాయి, వేడి తేమ లోపలికి వెళ్లి మచ్చలు తేలొచ్చు.

ఒక జాగ్రత్త. బ్లీచింగ్ వాడిన చోట ఆవిరి కొట్టే ముందు నీళ్లతో బాగా కడిగి తీరాలి. వేడి తగిలితే క్లోరిన్ ఘాటు ఒక్కసారిగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ట్యాంకులోనైతే మంచినీళ్లు తప్ప ఏదీ వేయకూడదు. వెనిగర్, సెంటు, సబ్బు, బ్లీచ్ ఏవైనా సరే, లోపలి సీళ్లను తినేస్తాయి, ఆ ఆవిరి మనమే పీలుస్తాం.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ మొత్తం సేపూ తిరుగుతూనే ఉంది. ఒక ట్యాంకు ఖాళీ అయిందంటే లీటరు నీరు ఆ గదిలోకి వచ్చినట్టు. గుడ్డకు అంటింది పోగా మిగిలింది గోడల మీద, పైకప్పు మీద కూర్చుంటుంది. బూజు తీస్తూ బూజుకు కావలసిన తేమ మనమే ఇచ్చినట్టవుతుంది.

ఆదివారం, సోఫా

దీని గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే టైల్ మీద పొరపాటు చేస్తే మళ్లీ తుడవచ్చు, బట్ట మీద చేస్తే అది ఉండిపోతుంది.

ముందు కుషన్ కింద లేబుల్ వెతికాను. డబ్ల్యూ అని ఉంటే నీటితో శుభ్రం చేయొచ్చు. ఎస్ అంటే సాల్వెంట్ మాత్రమే, నీరు తగలకూడదు. డబ్ల్యూఎస్ అంటే రెండూ పర్వాలేదు. ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఏదీ వద్దు. మాది డబ్ల్యూఎస్. లేబుల్ చూసినంత మాత్రాన ధైర్యం చేయకుండా సోఫా వెనక, గోడ వైపు కింది మూలలో కొంచెం ఆవిరి పట్టి, తెల్లగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరేదాకా ఆగాను. గుడ్డకు రంగు అంటలేదు, బట్ట ముడుచుకోలేదు. అప్పుడు ముందుకు వెళ్లాను.

ఆవిరికి ముందు వాక్యూమ్. ఇది దాటవేసే వీలే లేదు. పొడి దుమ్ము పొడిగా ఉన్నప్పుడే తేలిగ్గా వస్తుంది, తడి తగిలాక అది బురద. కుట్ల వెంట, మెత్తల మధ్య సందుల్లో సన్న మూతితో లాగాను.

తర్వాత మరకల లెక్క. రక్తం, పాలు, గుడ్డు లాంటి మరకల్లో ప్రొటీన్ ఉంటుంది. వేడి తగిలితే ఆ ప్రొటీన్ గట్టిపడి పోగుల్లో పాతుకుపోతుంది. పాలు కలిపిన టీ, కాఫీ మరకలు కూడా ఈ రకమే. వాటి మీదకు ఆవిరి వెళ్లకముందే చల్లటి నీటితో, కాస్త సబ్బుతో అద్ది తీయాలి. అద్దడమే, రుద్దడం కాదు. ఏ మరకో తెలియనప్పుడు ప్రొటీన్ మరకే అనుకుని చల్లనీళ్లతో మొదలుపెట్టడం క్షేమం.

నాజిల్‌కు వెడల్పాటి తల తగిలించి, దానికి మైక్రోఫైబర్ తొడుగు వేశాను. ఆవిరి గుడ్డలోంచి వస్తుంది, వదులైన మురికి అదే గుడ్డలోకి వెళ్తుంది, చిమ్మే నీటి చుక్కలను కూడా గుడ్డే ఆపుతుంది. ఒక చోట నిలబెట్టకుండా జరుపుతూ పోవాలి. మురికి ఉన్నచోట మాత్రమే కొట్టి ఆపేస్తే ఇంకో తలనొప్పి ఉంది. తడి బట్ట ఆరేటప్పుడు నీరు అంచు వైపు పాకుతుంది, కరిగిన మురికిని వెంట తీసుకెళ్తుంది, చివరికి అంచున గుండ్రటి గీతగా వదిలేస్తుంది. మరక పోయి ఉంగరం మిగులుతుంది. అందుకని ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా మొత్తం పలక ఒకే తీరుగా తడపాలి. కుట్టు దగ్గర ఆగితే గీత పడినా కనిపించదు.

చేతులు ఆనించే చోట, తల ఆనే చోట తొడుగు నల్లగా వచ్చింది. మిగతా చోట్ల అంత తేడా కనిపించలేదు, నిజం చెప్పాలంటే వాక్యూమే ఎక్కువ పని చేసింది.

తర్వాత ఫ్యాన్ పెట్టి, మెత్తలు నిలువుగా ఆనించి వదిలేశాను. పైబట్ట ఆరిపోయినట్టు అనిపించినా లోపలి ఫోమ్ చెమ్మగానే ఉంటుంది, అరచేతితో గట్టిగా నొక్కిచూస్తే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం పోయేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఆదివారం సాయంత్రం, పరుపు

పరుపు మీద ఉండే డస్ట్ మైట్లు 60 డిగ్రీల వేడిలో చనిపోతాయి. నాజిల్ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి పని అయిపోయిందనుకోవచ్చు గానీ, ఫోమ్, దూది రెండూ వేడిని లోపలికి వెళ్లనివ్వవు. వేడెక్కేది పైపొర మాత్రమే. పైగా అలర్జీ తెచ్చేది ఎక్కువగా ఆ పురుగుల విసర్జన, చచ్చినా అది అక్కడే ఉంటుంది. అందుకే ఆరిన తర్వాత ఇంకోసారి వాక్యూమ్ తప్పదు. దుప్పట్లు, గలీబులు మాత్రం 60 డిగ్రీల నీటిలో ఉతికేస్తే చాలు, వాటికి ఈ మెషిన్ అనవసరం.

నల్లులకు వాడదలచినవారు ఒక సంగతి గమనించాలి. సన్నటి ఒంటి రంధ్రపు నాజిల్‌తో జోరుగా ఊదితే నల్లులు చావకముందే ఎగిరి మంచం అవతల పడతాయి. వెడల్పు తల, గుడ్డ తొడుగు, తక్కువ జోరు పెట్టి, అడుగు పొడవు దాటడానికి పది పదిహేను సెకన్లు తీసుకుంటూ కుట్ల వెంట నడపాలి. తల దాటగానే ఆ చోట ఉపరితలం 70 డిగ్రీలు దాటి ఉంటేనే గుడ్లు కూడా చస్తాయి. మంచం పట్టీల్లో, గోడ పగుళ్లలో దాక్కున్నవి ఆవిరికి అందవు కాబట్టి ఇదొక్కటే నమ్ముకోకూడదు.

మెమరీ ఫోమ్ పరుపును ముట్టుకోలేదు. తేమ లోపలికి దిగితే ఆరడానికి దారి ఉండదు.

ఆవిరి కొడితే అంతా స్టెరిలైజ్ అవుతుందని, అంటే సూక్ష్మజీవి ఒక్కటీ మిగలదని ప్రకటనల్లో చెబుతుంటారు. ఆసుపత్రుల్లో పరికరాలను ఆటోక్లేవ్ అనే మూసిన ఆవిరి పెట్టెలో 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచుతారు. మనం ఒక చోట ఉండేది సెకన్లు, అదీ తెరిచిన గాలిలో. సూక్ష్మజీవులు తగ్గుతాయి, నిజమే. తగ్గడం వేరు, స్టెరిలైజ్ కావడం వేరు.

వారం మధ్యలో, కర్టెన్లు, నేల

కర్టెన్లు వేలాడుతుండగానే పై నుంచి కిందికి. ఇది శుభ్రత కంటే ఇస్త్రీ కిందికే వస్తుంది. నూలు పోగుల్లో ముడతను పట్టి ఉంచే బంధాలు వేడి తేమకు వదులవుతాయి, బట్ట బరువుకే సాగి, ఆరేసరికి తిన్నగా ఉంటుంది. పాలిస్టర్ కూడా వేడికి మెత్తబడి మాట వింటుంది, కాకపోతే మరీ దగ్గర పెడితే మెరుపు మచ్చ పడుతుంది. పట్టు, మఖ్మల్, రేయాన్, తోలు, ఉన్ని రగ్గు ఈ జాబితాలోంచి తీసేశాను. రేయాన్ ముడుచుకుంటుంది, మఖ్మల్ నూగు నలిగి చదునైపోతుంది, ఉన్ని తేమకు, వేడికి, రాపిడికి చిక్కపడి గట్టిపడుతుంది.

నేల మీద టైల్స్ తేలిగ్గా అయ్యాయి. మొదటిసారి తుడిచాక చారలు తేలాయి, మెషిన్ తప్పేమో అనిపించింది. పాత ఫ్లోర్ క్లీనర్ల సబ్బు పొర అది, ఆవిరికి లేచి గుడ్డకు పూర్తిగా అంటక చారలుగా మిగిలింది. గుడ్డ మార్చి ఇంకోసారి పోతే తగ్గింది. చెక్క నేల, లామినేట్ ఉన్న గదిలోకి మెషిన్ వెళ్లలేదు, అతుకుల్లోకి తేమ దిగితే పలకలు పైకి లేస్తాయి.

మెషిన్ సంగతులు

పని అయ్యాక వైరు తీసి, ట్రిగ్గర్ నొక్కి మిగిలిన ఆవిరంతా వదిలి, డబ్బా పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. ప్రెషర్ ఉండగా మూత తిప్పితే 140 డిగ్రీల నీరు ముఖం మీదకు పొంగుతుంది. మధ్యలో నీళ్లు అయిపోయినా ఇదే నియమం, ఎంత విసుగనిపించినా సరే.

ట్యాంకు ఖాళీ చేస్తే తెల్లటి పొలుసులు కనిపించాయి. మా నీళ్లు ఉప్పెక్కువ. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కార్బొనేట్‌గా అడుగున అంటుకుంటుంది. ఆవిరై పోయేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ ట్యాంకులోనే పోగవుతాయి. పొర మందమైతే వేడి నీటికి చేరదు, పొలుసు విరిగితే నాజిల్ మూసుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లు పోసి, మూత తెరిచే ఉంచి, హీటర్ వేయకుండా అరగంట వదిలాను. నురగ ఆగాక పారబోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. ఇకపై డిస్టిల్డ్ వాటర్ సగం కలపమని మా మెషిన్ పుస్తకంలో ఉంది. అన్ని మెషిన్లకూ ఇది వర్తించదు, కొన్నింటిలో నీటి మట్టం చూసే సెన్సర్‌కు నీటిలో కాస్త ఉప్పు ఉండాలి, ఎవరి పుస్తకం వారు చూసుకోవాలి.

మిగిలిన పని: కిటికీ పట్టాలు, దోమల జాలీలు. పట్టాల్లో మట్టిని ముందు పొడిగానే వాక్యూమ్‌తో లాగేయాలి, ఆ తర్వాతే ఆవిరి. అద్దాలు బాగా చల్లగా ఉండే తెల్లవారుజామున మొదలుపెట్టను, ఒకచోటే వేడి తగిలితే గాజు చిట్లుతుంది. ఎండ కాస్త ఎక్కాక, ముందు దూరం నుంచి వెచ్చబరిచి దగ్గరకు రావాలి. గుడ్డలు మాత్రం ఈసారి ఇంకా ఎక్కువ ఉతికి పెట్టుకోవాలి.